చిట్టెలుకకు చుట్టమెవరు?

పిల్లలూ! ఒక కాగితం మీద మూడు పేర్లు రాయండి: చిట్టెలుక, పుట్టగొడుగు, తోటకూర. ఈ మూడింటిలో రెండు ఒకదానికొకటి చుట్టాలు, మూడోది పరాయిది. ఆ పరాయిది ఏదో చెప్పగలరా?

చాలామంది వెంటనే చిట్టెలుక పేరు కొట్టేస్తారు. "ఎలుక పరుగెత్తుతుంది. పుట్టగొడుగూ తోటకూరా ఉన్నచోటనే ఉంటాయి. రెండూ నేలలోంచి మొలుస్తాయి. రెండూ కూరగాయల అంగట్లోనే దొరుకుతాయి" అని కారణం కూడా చెబుతారు. వినడానికి బాగానే ఉంది. కాని జవాబు తప్పు. కొట్టివేయవలసిన పేరు తోటకూర. పుట్టగొడుగు తోటకూరకన్నా చిట్టెలుకకే దగ్గరి చుట్టం. చిట్టెలుకకు దగ్గరంటే మనకూ దగ్గరే అన్నమాట!

ఇదేదో పొడుపుకథ కోసం అల్లిన మాట కాదు. 1993లో సాండ్రా బాల్డాఫ్, జెఫ్రీ పామర్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరు జీవులలోని ప్రోటీన్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. జంతువులూ, శిలీంధ్రాలూ ఒకే కొమ్మనుండి చీలిన రెండు రెమ్మలని, మొక్కలు అంతకు ముందే వేరే కొమ్మగా విడిపోయాయని వారు తేల్చారు. తరువాత జరిగిన పరిశోధనలు ఈ మాటను బలపరిచాయే గాని కాదనలేదు. చుట్టరికం అన్నాం కదా అని పెదనాన్న పిల్లల చుట్టరికం అనుకోకండి. ఆ చీలిక జరిగి నూరు కోట్ల సంవత్సరాలు దాటింది. అయినా ముత్తాత ముత్తాతే!

ఈ సంగతి తెలిసి కూడా మనం పుట్టగొడుగును మొక్కల మూలకు నెట్టివేస్తూనే ఉన్నాం. ఇది చిన్న పొరపాటు కాదనీ, దీనివల్ల మనకు నష్టం కలుగుతున్నదనీ నా అభిప్రాయం. ఎందుకో ఒక చిట్టెలుకనూ ఒక అడవి పుట్టగొడుగునూ ఎదురెదురుగా నిలబెట్టి చెబుతాను. మీరే తీర్పు చెప్పండి.

ఇద్దరూ తిండికి పరాధీనులే

చిట్టెలుక మీకు తెలిసినదే. ధాన్యపు గాదెలోను, వంటింటి అలమారలోను, పుస్తకాల వెనుకను కాపురముండేది. దీని శాస్త్రీయ నామం మస్ మస్కులస్. ఇక పుట్టగొడుగు విషయానికి వస్తే, ఉత్తర అమెరికా, యూరపు అడవులలో తేనెరంగు గొడుగులతో గుంపులుగా మొలిచే ఒక జాతిని తీసుకుందాం. దాన్ని అక్కడివారు తేనె పుట్టగొడుగు అంటారు. శాస్త్రీయ నామం ఆర్మిల్లేరియా గాలికా.

మొక్కను మొక్కగా నిలబెట్టేది పత్రహరితం. ఎండనూ నీటినీ బొగ్గుపులుసు వాయువునూ కలిపి మొక్క తన అన్నం తానే వండుకుంటుంది. చిట్టెలుకకు ఆ విద్య రాదు. పుట్టగొడుగుకూ రాదు. ఇద్దరూ ఇతరులు వండినది తిని బతకవలసినవారే. ఇద్దరూ మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతారు.

తినే పద్ధతిలో మాత్రం తేడా ఉంది. ఎలుక ముందు మింగుతుంది, తరువాత కడుపులో అరిగించుకుంటుంది. పుట్టగొడుగు ముందు అరిగిస్తుంది, తరువాత మింగుతుంది! దాని సన్నని పోగులు కట్టెలోకి చొచ్చుకొనిపోయి జీర్ణరసాలను బయటికి వదులుతాయి. కట్టె కరిగి రసమైతే ఆ రసాన్ని పీల్చుకుంటాయి. ఎలుక పొట్టను తనలో మోసుకొని తిరుగుతుంది; పుట్టగొడుగు తాను దూరిన చెట్టు దుంగనే పొట్టగా చేసుకుంటుంది.

మిగిలిన తిండిని దాచుకోవడం చూడండి. తోటకూర, బంగాళాదుంప, వరి వంటివి పిండిపదార్థంగా దాచుకుంటాయి. ఎలుక తన కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. పుట్టగొడుగు కూడా గ్లైకోజన్‌గానే దాచుకుంటుంది. మొక్కల కణాల చుట్టూ ఉండే గోడ సెల్యులోజ్‌తో కట్టినది. పుట్టగొడుగు కణాలకూ గోడ ఉంది గాని, దానిలో ఉండేది కైటిన్. రొయ్య పెంకులోను, బొద్దింక రెక్కలోను ఉండేది ఆ కైటినే.

ఇంకొక్క ఆనవాలు. శిలీంధ్రాలలో బాగా పాతకాలపు తెగ ఒకటి నీటిలో ఉంటుంది. దాని సిద్ధబీజానికి వెనుకవైపు ఒకే ఒక తోక ఉంటుంది. ఆ తోకతో నీటిని వెనక్కు తోసుకుంటూ ముందుకు ఈదుతుంది. జంతువుల వీర్యకణాలు ఈదేదీ సరిగ్గా ఇలాగే. నూరు కోట్ల సంవత్సరాల నాటి ముత్తాత ఇద్దరికీ పంచిపెట్టిన ఆస్తి అది!

కంటికి కనిపించేది గొడుగే

ఇప్పుడు పరిమాణం చూద్దాం. ఎదిగిన చిట్టెలుక బరువు సుమారు 20 గ్రాములు. మూడు వారాలు గర్భం మోస్తుంది. పుట్టిన ఆరు వారాలకే పిల్ల ఎలుక తానూ తల్లి కాగలదు. దాని గుండె నిమిషానికి అయిదారు వందల సార్లు కొట్టుకుంటుంది. ఇంత హడావిడిగా బతికే ప్రాణి బయట ప్రపంచంలో ఏడాదికి మించి ఉండడం అరుదు.

పుట్టగొడుగు అంతకన్నా అల్పాయువు అని మీరనుకోవచ్చు. వాన వెలిశాక మొలిచి నాలుగు రోజులలో కుళ్ళిపోతుంది కదా! నిజమే. కాని మామిడిపండు కుళ్ళితే మామిడిచెట్టు చచ్చిపోయిందని ఎవరైనా అంటారా? గొడుగు పుట్టగొడుగుకు పండు వంటిది. అసలు ప్రాణి నేలలోను, కట్టెలోను అల్లుకొని ఉన్న పోగుల వల. దానిని తంతుజాలం అందాం. సిద్ధబీజాలను గాలికి వదలవలసిన రోజులలో మాత్రమే అది గొడుగు విప్పుతుంది.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో క్రిస్టల్ ఫాల్స్ అనే ఊరి దగ్గరి అడవిలో మైరన్ స్మిత్, యోహాన్ బ్రూన్, జేమ్స్ ఆండర్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తేనె పుట్టగొడుగులను పరిశోధించారు. అడవిలో ఎన్నో చోట్ల నుండి నమూనాలు తెచ్చి, రెండేసి నమూనాలను ఒకే గాజుపళ్ళెంలో పెంచారు. వేర్వేరు ప్రాణులవైతే రెండింటి మధ్య గట్టులా గీత ఏర్పడుతుంది. ఒకే ప్రాణివైతే గీత లేకుండా కలిసిపోతాయి. వందల మీటర్ల ఎడంలో దొరికిన నమూనాలు కూడా కలిసిపోయాయి! జన్యు పరీక్షలు కూడా అదే మాట చెప్పాయి. అంటే అడవి అడుగున ఉన్నది ఒకే ప్రాణి. అది 15 హెక్టార్లలో వ్యాపించి ఉన్నదనీ, బరువు 10,000 కిలోలకు పైగా ఉంటుందనీ, వయసు 1,500 ఏళ్ళు దాటిందనీ వారు 1992లో ప్రకటించారు.

వయసు ఎలా తెలిసిందంటారా? దీని పోగులు నల్లని తాళ్ళలా పెనవేసుకొని వేళ్ళ వెంబడి పాకుతాయి. ఏడాదికి సుమారు 20 సెంటీమీటర్లు, అంటే రమారమి జానెడు దూరం. పాకిన దూరాన్ని ఏటికి పాకే దూరంతో భాగిస్తే వయసు తెలుస్తుంది. మీ లెక్కల పుస్తకంలోని కాలం–దూరం లెక్కే!

దాదాపు మూడు దశాబ్దాల తరువాత ఆండర్సన్ బృందం మళ్ళీ అదే అడవికి వెళ్ళింది. ఆ ప్రాణి అక్కడే, చెక్కుచెదరకుండా ఉంది. అంతేకాదు, మొదట వేసిన అంచనా చాలదని తేలింది. 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం దాని వయసు కనీసం 2,500 ఏళ్ళు. బరువు సుమారు 4 లక్షల కిలోలు. విస్తీర్ణం కనీసం 37 హెక్టార్లు.

ఒక్కసారి లెక్క వేయండి. 20 గ్రాముల చిట్టెలుకలు ఎన్ని కలిస్తే 4 లక్షల కిలోలు? రెండు కోట్లు! గౌతమ బుద్ధుడు ఈ నేలమీద నడిచిన కాలం నాటికే అమెరికాలో ఈ పుట్టగొడుగు పాకడం మొదలుపెట్టింది. ఏడాదికి మూడు తరాల చొప్పున చూసినా అప్పటినుండి ఇప్పటికి చిట్టెలుకలలో 7,500 తరాలు గడిచిపోయాయి. పుట్టగొడుగు మాత్రం ఆనాటిదే.

దీనిలో మరో వింత ఉంది. కణం విభజన చెందిన ప్రతిసారీ జన్యువులలో రాత పొరపాట్లు దొర్లవచ్చు. చిట్టెలుకలను ప్రయోగశాలలో భద్రంగా పెంచినా రెండు మూడేళ్ళకు ముసలివవుతాయి, చాలా వాటికి కంతులు లేస్తాయి. 2,500 ఏళ్ళుగా పెరుగుతూనే ఉన్న ఈ పుట్టగొడుగులో రాత పొరపాట్లు ఆశ్చర్యం కలిగించేటంత తక్కువగా ఉన్నాయి. అది తన జన్యువులను ఎలా కాపాడుకుంటున్నదో తెలుసుకోవడం మన ఆరోగ్యానికి సంబంధించిన పని కాదంటారా?

"ఎలుకకు బుద్ధి ఉంది, ఒళ్ళంతా అవయవాలు ఉన్నాయి. దాని జన్యువులు ఎక్కడ, పుట్టగొడుగు జన్యువులు ఎక్కడ?" అని ఎవరైనా అడగవచ్చు. ఆ లెక్కా ఉంది. చిట్టెలుక జన్యుక్రమంలో సుమారు 250 కోట్ల అక్షరాలుంటే, తేనె పుట్టగొడుగుకు ఎనిమిదిన్నర కోట్లే. కాని జన్యువుల సంఖ్య చూస్తే చిట్టెలుకకు సుమారు 22 వేలు, పుట్టగొడుగుకు సుమారు 25 వేలు! పుస్తకం లావును బట్టి అందులోని విషయాన్ని అంచనా వేయరాదన్నమాట.

చుట్టరికం వల్ల లాభం, చుట్టరికం వల్ల చిక్కు

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ చుట్టరికం తెలిస్తే ఏమి, తెలియకపోతే ఏమి?

1940 మే 25న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణం తీసే బాక్టీరియాను ఎక్కించాడు. వాటిలో నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చాడు, నాలుగింటికి ఇవ్వలేదు. తెల్లవారేసరికి మందు అందని నాలుగూ చనిపోయాయి. మందు అందినవి బతికి ఉన్నాయి. ఆ మందు ఎక్కడిది? పెన్సిలియం అనే బూజుది. బూజు కూడా పుట్టగొడుగులాగే ఒక శిలీంధ్రం. ఆ రోజు ఎలుకా, శిలీంధ్రమూ కలిసి మనకు ప్రాణదానం చేశాయి.

ఆ మందు బాక్టీరియాను చంపి ఎలుకను ఎందుకు వదిలింది? బాక్టీరియా మనకు చాలా దూరపుది కనుక. దానికి ఒక ప్రత్యేకమైన గోడ ఉంది, ఎలుక కణాలకు అటువంటి గోడే లేదు. పెన్సిలిన్ ఆ గోడ కట్టుబడిని చెడగొడుతుంది. ఎలుకలో పనిచేసిన మందు మనిషిలోనూ ఎందుకు పనిచేసింది? ఎలుక మనకు దగ్గరిది కనుక. చిట్టెలుక జన్యువులలో సుమారు 99 శాతానికి మనిషి జన్యువులలో సరిపోలినవి ఉన్నాయని 2002లో తేలింది.

మరి రోగం తెచ్చిపెట్టినది శిలీంధ్రమే అయితే? అప్పుడు చుట్టరికం మనకు చిక్కు తెచ్చిపెడుతుంది. శత్రువు కణమూ మన కణమూ ఎన్నో విషయాలలో ఒకలాగే ఉంటాయి. దానిని చంపే విషం మనకూ తగులుతుంది. 2021లో కోవిడ్ రెండవ ఉద్ధృతి తరువాత మన దేశంలో 40 వేల మందికి పైగా మ్యూకర్‌మైకోసిస్ సోకింది. బ్లాక్ ఫంగస్ అని పత్రికలు రాసినది దాన్నే. రొట్టెమీద పట్టే బూజుకు దగ్గరి జాతులు దానికి కారణం. మధుమేహం అదుపులో లేనివారికీ, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికీ అది ఎక్కువగా సోకింది. హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఇఎన్‌టి ఆస్పత్రిని దాని చికిత్స కోసం ప్రత్యేకించవలసి వచ్చింది. అప్పుడు అందరూ వెదికిన మందు ఆంఫోటెరిసిన్. అది శిలీంధ్ర కణపు పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వును పట్టుకొని పొరకు చిల్లులు పెడుతుంది. మన కణపు పొరలో ఉన్నది దానికి దగ్గరి పోలిక గల కొలెస్టెరాల్. అందుకే ఆ మందు కొంత మన కణాలనూ బాధిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మందు దొరకక కొందరు, దొరికినా దాని తాకిడికి మరికొందరు ఎంత బాధపడ్డారో మీ ఇళ్ళలో పెద్దలను అడిగితే చెబుతారు.

పుట్టగొడుగును "కదలని మొక్క" అనుకునేవారికి ఈ చిక్కు అర్థం కాదు. "ఎలుక తరఫు చుట్టం" అని తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. అందువల్లనే శిలీంధ్రాలను శ్రద్ధగా చదివేవారు ఎక్కువమంది కావాలని నేనంటున్నాను.

ఎలుక పేరున్నది, పుట్టగొడుగు పేరు లేదు

మనం శిలీంధ్రాలను ఎంత పట్టించుకుంటున్నామో చూడండి. 1753లో లిన్నేయస్ వాటిని మొక్కల పుస్తకంలో చేర్చాడు. ఆనాటికి అది తప్పు పట్టవలసిన పని కాదు. 1969లో రాబర్ట్ విట్టేకర్ అయిదు రాజ్యాల వర్గీకరణ చేసి శిలీంధ్రాలకు సొంత రాజ్యం ఇచ్చాడు. ఆ పాఠం మీరు చదివే ఉంటారు, లేదా త్వరలో చదువుతారు. అయినా కళాశాలకు వెళ్ళాక శిలీంధ్రాలు వృక్షశాస్త్రం తరగతిలోనే కనిపిస్తాయి. రాజ్యం వచ్చింది గాని సింహాసనం రాలేదు!

చట్టం సంగతి మరీ వింత. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకల పేరు ఉండేది. కాపాడవలసినవిగా కాదు, చంపినా నేరం కాని హానికర ప్రాణులుగా! 2022 సవరణతో ఆ పట్టికను తీసివేశారు. 1991లో అదే చట్టంలో కాపాడవలసిన మొక్కలంటూ ఆరింటిని చేర్చారు. వాటిలో ఒక్క శిలీంధ్రం కూడా లేదు. తిట్టడానికైనా ఎలుకను తలచుకున్నాం, పుట్టగొడుగును అసలు తలచుకోలేదు.

అడవిలో ఎండిన చెట్టు దుంగను మళ్ళీ మట్టిగా మార్చేవారెవరు? కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని పూర్తిగా విడగొట్టే పనిలో తేనె పుట్టగొడుగు వంటి శిలీంధ్రాలదే పెద్ద పాత్ర. అలాగని ఇది సాధువు అని నేను చెప్పను. ఆర్మిల్లేరియా జాతులు బతికి ఉన్న చెట్ల వేళ్ళను కూడా కుళ్ళబెట్టి చంపుతాయి. చిట్టెలుక మాత్రం సాధువా? గింజలు తింటుంది, బట్టలు కొరుకుతుంది, రోగాలు మోస్తుంది. అదే ప్రయోగశాలలో మన ప్రాణాలు కాపాడుతుంది. ప్రకృతిలో ఎవరినీ మంచివారు, చెడ్డవారు అని రెండు గదులలో పెట్టి తాళం వేయలేము.

మీలో కొందరి నోటిదాకా వచ్చిన ప్రశ్న నాకు తెలుసు. "పుట్టగొడుగు ఎలుకకు చుట్టమైతే, అది శాకాహారమా, మాంసాహారమా?" మంచి ప్రశ్న. కాని అది వంటింటి ప్రశ్న, జీవశాస్త్రపు ప్రశ్న కాదు. టొమాటో వృక్షశాస్త్రం ప్రకారం పండు, అయినా మీ అమ్మ దానితో పప్పు చేస్తుంది గాని పాయసం చేయదు. ఏది తినాలో, ఏది మానాలో మీ ఇంటి అలవాటు. పుట్టగొడుగు జంతువు కూడా కాదు, అది శిలీంధ్రం. మొక్కలు, జంతువులు అని రెండే గడులు గీసుకున్నందువల్ల వచ్చిన తికమక ఇది. మూడో గడి గీయండి, తికమక పోతుంది.

ఆ మూడో గడి కోసమే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. "మా ఊరి వృక్షజాలం, జంతుజాలం" అని మీరు వ్యాసం రాసేటప్పుడు "శిలీంధ్రజాలం" అన్న మూడో మాట కూడా చేర్చండి. ఉపాధ్యాయుడు ఎందుకని అడిగితే ఎర్గోస్టెరాల్ సంగతీ, గ్లైకోజన్ సంగతీ చెప్పండి. మన పెద్దలు ఈ విషయంలో మనకన్నా చూపున్నవారు. చెదపురుగుల పుట్టమీద మొలిచేదాన్ని పుట్టగొడుగు అన్నారు, తెలంగాణలో పుట్టకొక్కు అన్నారు. ఎక్కడ, ఎవరితో కలిసి బతుకుతుందో పేరులోనే చెప్పేశారు. చెదపురుగులు తమ పుట్టలో పెంచుకునే ఒక రకం శిలీంధ్రమే అలా గొడుగు విప్పుతుందని తరువాత శాస్త్రజ్ఞులు వివరించారు.

చేసి చూడడానికి ఒక పని కూడా చెబుతాను. అంగట్లో కొన్న పుట్టగొడుగులలో బాగా విచ్చుకున్నదాన్ని ఒకటి తీసుకోండి. కాడ తుంచేసి, అడుగున మడతలున్న వైపు కిందికి వచ్చేటట్లు తెల్ల కాగితం మీద ఉంచి, గాజుగ్లాసు బోర్లించండి. మరునాడు గొడుగు ఎత్తితే కాగితం మీద గోధుమరంగు చారలు చక్రంలా కనిపిస్తాయి. అవి లక్షల కొద్దీ సిద్ధబీజాలు. ముత్యపుచిప్ప పుట్టగొడుగు అయితే సిద్ధబీజాలు తెల్లగా ఉంటాయి కనుక నల్ల కాగితం వాడాలి. తరువాత చేతులు కడుక్కోవడం మరవకండి. ఒక హెచ్చరిక: పొలాల్లో, అడవుల్లో మొలిచిన కుక్కగొడుగులను మాత్రం కోసి తినకండి. విషపువీ మంచివీ చూడడానికి ఒకేలా ఉంటాయి.

ఈసారి వంటింట్లో చిట్టెలుక పరుగెత్తినప్పుడు బోను పెట్టండి, వద్దనను. పెరట్లో దుంగమీద గొడుగు విచ్చుకున్నప్పుడు మాత్రం కాలితో తన్నకుండా ఒక నిమిషం వంగి చూడండి. దాని కింద కంటికి కనిపించని చుట్టం ఒకటి, చప్పుడు లేకుండా భోజనం చేస్తూ ఉంటుంది.